డల్లాస్ ప్రేరీ: అపోహలు - వాస్తవాలు

ప్రేరీని, అంటే సహజమైన గడ్డి మైదానాన్ని, కాపాడే పని చేస్తానని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "గడ్డిని కాపాడేదేముందండీ?" డల్లాస్ శివార్లలోని ప్లేనో, అలెన్, ఫ్రిస్కోల్లో మన ఇళ్లు లేచింది ఆ గడ్డి నేల మీదే.

అపోహ: అది ఖాళీ జాగా.

వాస్తవం: రెడ్ రివర్ నుంచి శాన్ ఆంటోనియో వైపు సాగే ఈ పట్టీ పేరు బ్లాక్‌ల్యాండ్ ప్రేరీ. నేల అచ్చం మన నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఎండాకాలం ఇంటి ఫౌండేషన్ చుట్టూ పైపులు పరిచి తడుపుతున్నది అందుకేగా! ఈ నేలకు సత్తువనిచ్చింది గడ్డి వేళ్లు. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి మనిషెత్తు దాటి పెరుగుతుంది, దాని వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు దిగుతాయి. పాత వేళ్లు చచ్చి మట్టిలో కలుస్తూ వేల ఏళ్లుగా కర్బనాన్ని పోగేశాయి. అవి వదిలిన సందుల్లోంచే వాన నీరు లోపలికి ఇంకుతుంది. దున్నని రేగడి ఎగుడుదిగుడుగా, చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. వానకు ఆ గుంటలు నిండి, నీరు ఒక్కసారిగా వాగుల్లో పడకుండా ఆగుతుంది. నాగలి తిరిగితే అదంతా చదునే. పత్తి కోసం ఇక్కడ దాదాపు అంతా దున్నేశారు. మిగిలింది ఒక శాతం లోపు. అదీ ఎక్కువగా, ఎండుగడ్డి కోసుకోవడానికని దున్నకుండా ఉంచుకున్న బీళ్లు. హంట్ కౌంటీలోని క్లైమర్ మెడో అలా మిగిలిందే.

అపోహ: మా లాన్ కూడా గడ్డే కదా.

వాస్తవం: లాన్‌లో వేసే బెర్ముడా గడ్డి అంటే మన గరికే, వినాయక చవితికి కోసుకొచ్చేదే. ఇక్కడి మొక్క కాదు. మోనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు తినేది మిల్క్‌వీడ్ ఆకులు మాత్రమే, అది మన జిల్లేడుకు చుట్టం. మెక్సికోలో చలికాలం గడిపి వసంతంలో ఉత్తరానికి వచ్చే మోనార్క్‌లు గుడ్లు పెట్టేందుకు టెక్సాస్‌లో ఈ మొక్కనే వెతుక్కుంటాయి. లాన్‌లో వాటికి దొరికేది ఏమీ లేదు.

అపోహ: చెట్లు నాటితే ఇంకా మంచిది.

వాస్తవం: ఇక్కడ కాదు. ఎర్ర సెడార్ చెట్లు కమ్ముకుంటే ఎండ కోరే గడ్డీ పూలమొక్కలూ చస్తాయి, నేల మీద గూడు పెట్టే పిట్టలు పోతాయి. ఆ చెట్లను మేమే నరుకుతాం (పర్యావరణం పేరు చెప్పుకుని చెట్లు కొడతారా అని తిట్లూ తింటాం). నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్టకు కావలసిందీ గడ్డి బయలే, తోపు కాదు.

నిప్పు పెడితే సర్వనాశనం అన్నది కూడా ఈ కోవలోదే. గడ్డి చిగురు వేసే మొగ్గ నేల మట్టంలోనో, ఇంకా కిందనో ఉంటుంది. పైన కాలినా కొన్ని వారాల్లో పచ్చబడుతుంది. లేత సెడార్లు మాత్రం తేరుకోవు. గాలి, తేమ చూసి శిక్షణ ఉన్నవాళ్లు చేసే పని ఇది, పెరట్లో ప్రయత్నించకండి.

అపోహ: తెల్లవాళ్లు రాకముందు ఇక్కడెవరూ లేరు.

వాస్తవం: విచిటా అనే స్థానిక తెగవాళ్లు మొక్కజొన్న పండించారు, బైసన్‌ను వేటాడారు. కర్రల చట్రం మీద గడ్డి కప్పి, బోర్లించిన గంపల్లా పెద్ద ఇళ్లు కట్టుకున్నారు. ఈ మైదానాల్లో గడ్డికి నిప్పు పెట్టే పద్ధతీ స్థానిక తెగలదే. వాళ్లను ఓక్లహోమాకు తరిమేశారు. గడ్డి పోతే ఆ ఇల్లు కట్టే నేర్పుకూ పని ఉండదు.

అపోహ: విత్తనాలు చల్లితే ప్రేరీ తిరిగొస్తుంది.

వాస్తవం: నాలుగు రకాల గడ్డి, కొన్ని పూలమొక్కలు వస్తాయి. నా జీతం ఆ పనికే, అది దండగని అనను. కానీ మట్టిలోని శిలీంధ్రాలు, ఆ గుంటలు, మొలకెత్తడానికి మొండికేసే అరుదైన మొక్కలు విత్తనాల సంచిలో రావు. అందుకే పది ఎకరాల్లో విత్తడం కంటే దున్నని ఒక్క ఎకరాన్ని నిలబెట్టడమే నాకు ముఖ్యం.

ఊరి బయట పెట్టుబడికని భూమి కొన్నవాళ్లు ట్రాక్టర్‌ను పిలిచేముందు మే నెలలో ఒకసారి నడిచి చూడండి. నేల గుంటలు గుంటలుగా ఉండి, రకరకాల పూలు కనిపిస్తే నేటివ్ ప్రేరీస్ అసోసియేషన్ ఆఫ్ టెక్సాస్‌వాళ్లకు ఒక మాట చెప్పండి.