"ఏ పుస్తకమైనా పర్లేదు" అనుకోకండి: ఆఫ్రికా బడులకు పంపే పుస్తకాలపై అపోహలు, వాస్తవాలు

పోయిన వారం డల్లాస్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "అక్కా, మా పిల్లల పాత పుస్తకాలు, ఇక్కడి లైబ్రరీ వాళ్లు తీసేసినవి, అన్నీ కలిపితే ఒక కంటైనర్ నిండేలా ఉన్నాయి, మీ కెన్యా బడులకు పంపేద్దామా?" అని. మంచి మనసుతో అడిగాడు, వద్దనడానికి నోరు రాలేదు. ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి పది దాకా వస్తాయి. హైదరాబాద్ నుంచి, న్యూజెర్సీ నుంచి, లండన్ నుంచి. ప్రతిసారీ అవే మాటలు గంటసేపు చెప్పాల్సి వస్తోంది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. పన్నెండేళ్లుగా కెన్యా పడమటి వైపు బుసియా చుట్టుపక్కల ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లలో లైబ్రరీలు పెట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఎక్కువగా ఇక్కడి సంగతే చెప్తాను.

అపోహ: అసలు పుస్తకాలే లేని పిల్లలకి ఏ పుస్తకం ఇచ్చినా మేలే.

అందరికీ ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. డబ్బు నష్టం, పిల్లల సమయం నష్టం. దీని మీద పెద్ద పరిశోధన జరిగింది కూడా ఈ బుసియా ప్రాంతంలోనే. 1996లో ఇక్కడ 25 బడులకు పాఠ్యపుస్తకాలు ఇచ్చి, ఇవ్వని బడులతో పోల్చి చూశారు. చేసినవాళ్లలో ఒకరు మైకేల్ క్రెమర్, 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాయన. ఇచ్చినవి అమెరికాలో వాడి పడేసిన పుస్తకాలు కూడా కావు, కెన్యా సర్కారు ఆమోదించిన పాఠ్యపుస్తకాలే. అయినా సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే క్లాసులో ముందున్న పిల్లలకి మాత్రం ఉపయోగపడ్డాయి. మిగతావాళ్లలో చాలామందికి ఆ పుస్తకాలు చదవడమే రాలేదు, ఎందుకంటే అవి ఇంగ్లీషులో ఉన్నాయి. ఇక్కడి పిల్ల ఇంట్లో మాట్లాడేది లుహ్యాలో ఒక యాసో, అటేసోనో, లువోనో. బజార్లో కిస్వహిలి. ఇంగ్లీషు మూడో భాష. ఆదిలాబాద్‌లో గోండి మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లాడికి ఒకటో క్లాసులోనే ఇంగ్లీషు సైన్సు పుస్తకం చేతిలో పెడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

నా కళ్లతో చూసింది చెప్తాను. నేను ఈ పనిలో చేరిన రెండో ఏడు, విరాళంగా వచ్చిన అట్టపెట్టెలు విప్పి ఒక బడిలో సర్దుతున్నాం. నాలుగో గ్రేడ్ పాప ఒక బొమ్మల పుస్తకం తీసుకుని నా పక్కన కూర్చుని గడగడా చదివేసింది, ఒక్క మాట తడబడలేదు. నాకు ఎంత సంతోషమో. మంచు కురుస్తుంటే ఒక పిల్లాడు మిటెన్ పోగొట్టుకుంటాడు, అదీ కథ. "మిటెన్ అంటే ఏంటమ్మా?" అని కిస్వహిలిలో అడిగాను. కాసేపు ఆలోచించి "పిల్లి పిల్ల" అంది. కిటెన్ అన్న మాట క్లాసులో విన్నదట. పుస్తకం మొత్తం చదివింది, తప్పిపోయిన పిల్లి పిల్ల కథ అనుకునే చదివింది. భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊళ్లో పుట్టిన పిల్లకి చలికి చేతులకు వేసుకునే ఊలు తొడుగు సంగతి ఎవరు చెప్తారు? పక్కనున్న టీచరమ్మ కూడా బొమ్మ చూశాకే అర్థం చెప్పగలిగింది. ఆ రోజే అదే పాపకి పదహారు పేజీల కిస్వహిలి కథ ఒకటి ఇచ్చాను. లోలోపలే చదువుకుంటూ నాలుగో పేజీ దగ్గర కిసుక్కున నవ్వి, వెనక్కి తిప్పి ఆ పేజీ మళ్లీ చదివింది.

అప్పటి నుంచి నేను పుస్తకాలు ఎన్ని వచ్చాయని లెక్కపెట్టడం మానేశాను.

మరి పుస్తకాల వల్ల లాభమే లేదా అంటే, కచ్చితంగా ఉంది. 2015లో కెన్యా దేశమంతా మొదలుపెట్టిన తుసోమే చూడండి (తుసోమే అంటే కిస్వహిలిలో "చదువుదాం" అని). చిన్న క్లాసుల్లో ప్రతి పిల్లకీ సొంతంగా ఇంగ్లీషు, కిస్వహిలి పుస్తకాలు ఇచ్చారు. అవి పిల్లల స్థాయికి తగ్గట్టు రాసినవి. టీచరుకి ఏ రోజు ఏ పాఠం ఎలా చెప్పాలో గైడు ఇచ్చారు, క్లాసుకి వచ్చి కూర్చుని సలహా చెప్పే మనిషిని పెట్టారు. పిల్లల చదివే శక్తి బాగా పెరిగింది. దానికి ముందు జరిగిన ప్రయోగాల్లోనూ టీచరు శిక్షణ, పుస్తకాలు, గైడు మూడూ కలిసినప్పుడే ఎక్కువ ఫలితం కనిపించింది.

అపోహ: బడికి చేరితే పిల్లకి చేరినట్టే.

సియెర్రా లియోన్‌లో సర్కారు పాఠ్యపుస్తకాలు పంచితే చాలా బడుల్లో వాటిని పిల్లలకి ఇవ్వకుండా దాచిపెట్టారు. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు రాసిన సంగతి ఇది. మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు కదా, అందుకని హెడ్మాస్టర్లు ముందుజాగ్రత్తగా పక్కన పెట్టుకున్నారు. ఇది విని వాళ్లని తిట్టకండి. మా దగ్గర ఒక హెడ్మాస్టరు బీరువా తాళం జేబులోంచి తీసేవాడు కాదు. అడిగితే చెప్పాడు, "మేడమ్, ఒక్క పుస్తకం చిరిగినా ఇన్‌స్పెక్షన్‌లో సమాధానం చెప్పాల్సింది నేనే." ఆ టెన్షన్ అబద్ధం కాదు. అందుకే మేమిప్పుడు పుస్తకాలు ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసిస్తాం: ఇవి చిరిగిపోవచ్చు, నలిగిపోవచ్చు, ఎవర్నీ ఏమీ అడగం. తాళాలు వాటంతటవే తెరుచుకుంటున్నాయి.

"దానం పుస్తకాలన్నీ అక్కడ బజార్లో అమ్మేసుకుంటారు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లతో నాకు ఓపిక లేదు. మా బడుల్లో పుస్తకాలు పాడైంది చెదల వల్ల, వాన నీళ్ల వల్ల, బీరువాలో పడి ఉండటం వల్ల. ఆ మెసేజ్ పంపేవాళ్లలో ఒక్కరైనా ఇక్కడికొచ్చి చూశారా?

ఉచితంగా ఇచ్చినదానికి ఖర్చేముంది అంటారు. 40 అడుగుల కంటైనర్‌లో ఇరవై వేలకు పైగా పుస్తకాలు పడతాయి. ఓడ కిరాయి, మొంబాసా పోర్టులో ఆలస్యమైతే డెమరేజ్ (సరుకు అక్కడే ఉండిపోయినందుకు కట్టే అదనపు రుసుము), అక్కడి నుంచి బుసియాకి లారీలో దాదాపు 900 కిలోమీటర్లు. చివరికి అందులో సగం ఇక్కడ పనికిరానివైతే వాటిని ఏం చేయాలన్న బాధ టీచర్లదే. నేను విప్పిన ఒక పెట్టెలో అన్నీ అమెరికా ఇన్‌కం ట్యాక్స్ పుస్తకాలే.

ఇంటి భాషలో పుస్తకాలిస్తే ఇంగ్లీషు రాదేమో అని తల్లులు నన్ను భయంగా అడుగుతారు, మన దగ్గరా అడుగుతారు. భయపడకండి. చదవడం ఒక్క భాషలో పట్టుబడితే రెండోది తొందరగా పట్టుబడుతుంది. మూడో గ్రేడ్ దాకా స్థానిక భాషలో చెప్పాలన్నదే కెన్యా విధానం కూడా.

ఇక ట్యాబ్‌లు ఇస్తే సరిపోతుందా? కరెంటు, చార్జింగ్, రిపేరు చేసే మనిషి ఉన్నచోట సరే.

కంటైనర్లు పంపే సంస్థలన్నీ ఒకే రకం కాదు. బ్రిటన్‌లో 1954 నుంచి నడుస్తున్న బుక్ ఎయిడ్ ఇంటర్నేషనల్ వాడిన పుస్తకాలు కాకుండా ప్రచురణకర్తల నుంచి కొత్తవి తీసుకుని పంపుతుంది. దక్షిణాఫ్రికా నుంచి నడిచే ఆఫ్రికన్ స్టోరీబుక్‌లో అక్కడి ఎన్నో భాషల్లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి, ఎవరైనా ప్రింట్ తీసుకోవచ్చు. మన బెంగళూరులో ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌ కూడా ఇలాంటిదే, అందులో తెలుగు కథలూ ఉన్నాయి. ఓడ కిరాయికి పెట్టే డబ్బుతో ఇక్కడే ప్రింట్ చేయిస్తే ఇక్కడి ప్రెస్సుకీ పని దొరుకుతుంది.

డల్లాస్ తమ్ముడికి ఇదంతా చెప్పాక కాసేపు మాట్లాడలేదు. బాధపడ్డాడేమో అనుకున్నా. తర్వాత "మరి ఆ టీచరమ్మనే అడగొచ్చా అక్కా?" అన్నాడు. కలిపాను. ఆవిడ అడిగింది ఇదీ: రెండో గ్రేడ్‌కి ఒకే కిస్వహిలి కథ నలభై కాపీలు, అందరూ ఒకేసారి వేలు పెట్టి చదవడానికి. లుహ్యా కథలు ఏవి దొరికితే అవి. రెండు ఇనుప ర్యాకులు, చెదలు పట్టకుండా. జాబితా నిన్న పంపాను.