పన్నెండు అడుగుల గదిలో 47 హెర్ట్జ్ గుంట

బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు రాశారు. కొత్త ఇంట్లో మేడ మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదిని సినిమాలకు కేటాయించుకున్నారు. ఆరేళ్ల నాటి రిసీవర్ (శబ్దాన్ని విడదీసి, పెంచి స్పీకర్లకు పంపే పెట్టె), మంద్ర శబ్దాల కోసం ఒక సబ్‌వూఫర్ ఉన్నాయి. పిడుగు పడే దృశ్యంలో, డప్పులు మోగే పాటలో గుండెను తాకాల్సిన మంద్ర శబ్దం గది నడుమ సోఫాలో ఉన్న ఆయనకు తాకడం లేదు. వెనక గోడ తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలకేమో చెవులు మూసుకునేంత హోరు. రిసీవర్ మార్చి, శబ్దాన్ని విడదీసి దిద్దే ప్రాసెసర్ విడిగా, దానికి తోడు శక్తినిచ్చే పవర్ యాంప్లిఫయర్లు కొనమని దుకాణంవారు చెప్పారట. ఖర్చు లక్షల్లో ఉంటుంది. కొనాలా?

ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ పిల్లల సంగతి. జబ్బు ఎక్కడుందో వారి చెవులు చెప్పేశాయి.

పెరట్లో పొడవాటి సిమెంటు తొట్టి ఉంటే దాన్ని నీళ్లతో నింపండి. ఒక చివర అరచేతితో నీటిని మెల్లగా నెట్టి వదలండి, మళ్లీ నెట్టండి. లయ కుదిరిన క్షణాన నీరంతా ఊయలలా ఊగుతుంది. ఈ చివర పైకి లేస్తే ఆ చివర దిగుతుంది. ఇప్పుడు నడిమి గీత దగ్గర చూడండి. అక్కడ నీటిమట్టం దాదాపు కదలదు. అక్కడొక వేపాకు వేస్తే అటూ ఇటూ జరుగుతుందే తప్ప పైకీ కిందికీ ఊగదు.

గదిలో గాలి చేసేదీ ఇదే. నీటిమట్టం బదులు గాలి ఒత్తిడి అనుకోండి. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. దాన్ని గది పొడవుకు రెట్టింపైన 7.32 మీటర్లతో భాగిస్తే 47 వస్తుంది. అంటే 47 హెర్ట్జ్ దగ్గర, సెకనుకు 47 కంపనాల దగ్గర, ఆ గది ఊగుతుంది. ఎదురెదురు గోడల దగ్గర ఒత్తిడి శిఖరం, సరిగ్గా నడుమ శూన్యం. చెవి పట్టుకునేది ఒత్తిడినే కనుక నడుమ కూర్చున్న మనిషికి ఆ శబ్దం లేనట్టే. నేను గుంట అంటున్నది ఈ లోటునే.

ఇలా ఉన్నచోటే ఊగే స్థిర తరంగాలను తరగతిలో తీగతో బోధిస్తాం. బొబ్బిలి పక్కనే గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేస్తారు కాబట్టి ఈ ప్రాంతంలో ఆ పోలిక మరీ సహజం. కానీ తీగ చివరలు కదలవు, నడుమ ఎక్కువగా ఊగుతుంది. గది ఒత్తిడి దానికి తలకిందులు. తీగ బొమ్మను మాత్రమే గుర్తుంచుకున్న విద్యార్థి సోఫాను తప్పు చోటే వేస్తాడు. అందుకే నాకు తొట్టి ఇష్టం.

ప్రాసెసర్ ఈ గుంటను పూడ్చగలదా? తొట్టిలో చేతిని ఇంకా గట్టిగా నెట్టి చూడండి. చివరలు మరింత ఎగురుతాయి, నడుమ మట్టం అలాగే ఉంటుంది. శబ్దాన్ని 10 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్లిఫయర్ పదింతల శక్తి ఇవ్వాలి, 100 వాట్ల చోట 1000 వాట్లు. అదంతా గోడల దగ్గరి పిల్లలకే చేరుతుంది. శిఖరాలను తగ్గించడంలో మాత్రం ప్రాసెసర్‌లోని గది దిద్దుబాటు సాఫ్ట్‌వేర్ నిజంగా గొప్పది. సరైన పౌనఃపున్యంలో, సరైన వెడల్పుతో కోత పెడితే శబ్దం తగ్గడమే కాదు, ఆ తర్వాత సాగే గుయ్యిమనే మోత కూడా తొందరగా ఆరిపోతుంది. కోయగలదు, పూడ్చలేదు.

సోఫాను రెండు అడుగులు వెనక్కి జరిపితే అది వెనక గోడకు 4 అడుగుల దూరంలో, గది పొడవులో మూడో వంతు దగ్గర ఉంటుంది. అక్కడి ఒత్తిడి గోడ దగ్గరిదాంట్లో 60 డిగ్రీల కొసైన్ అంత, అంటే సరిగ్గా సగం. 47కు రెట్టింపైన 94 హెర్ట్జ్ దగ్గర గది మళ్లీ ఊగుతుంది, ఆ రెండో ఊపుకూ అక్కడ పరిమాణం అంతే. శూన్యం నుంచి సగానికి రావడం, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా!

సబ్‌వూఫర్‌ను నైరుతి మూలన పెట్టారట, ఈశాన్యంలో బరువు ఉండకూడదని. గాలికి దిక్కుల పేర్లు తెలియవు. ఏ మూల అయినా మూలే, అక్కడి నుంచి గదిలోని ప్రతి ఊపూ పూర్తి బలంతో లేస్తుంది. ఇంకొక సబ్‌వూఫర్ కొని ముందు గోడ మధ్యన ఒకటి, వెనక గోడ మధ్యన ఒకటి పెట్టి ఒకే స్థాయిలో మోగించడం మేలు. తొట్టికి రెండు చివర్లా ఇద్దరు ఒకేసారి లోపలికి నెడితే మొదటి ఊపు పుట్టదు, చూడండి. దాని ఖర్చు ప్రాసెసర్ ఖర్చులో చిన్న భాగం.

ప్రాసెసర్ వృథా అని కాదు. పదమూడు, పదిహేను ఛానెళ్లు కావాలన్నా, నాలుగు సబ్‌వూఫర్లను వేర్వేరుగా సరిచేయాలన్నా అది పనికొస్తుంది. కానీ పెట్టెలన్నింటిలో తొందరగా పాతబడేది కూడా అదే. తల మీది నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ థియేటర్లకు 2012లో, ఇళ్లకు 2014లో వచ్చింది. చిత్రాన్ని, శబ్దాన్ని మోసే కేబుల్ ప్రమాణం హెచ్‌డీఎంఐలో 2.0 వచ్చింది 2013లో, 2.1 వచ్చింది 2017లో. ఈ మార్పులన్నీ తాకింది ప్రాసెసర్‌నే. అప్పటికే ఉన్న స్పీకర్లు, యాంప్లిఫయర్లు వాటివల్ల పాతబడలేదు. శక్తి చాలదనిపిస్తే, పాత రిసీవర్‌కు ప్రీ అవుట్ రంధ్రాలుంటే (బయటి యాంప్లిఫయర్‌కు సంకేతం పంపేవి) ఒక యాంప్లిఫయర్ చేర్చుకోవచ్చు.

ముందుగా కొలత మైకు ఒకటి కొనమన్నాను, కొన్ని వేల రూపాయల్లో వస్తుంది. గదిలో శబ్దాన్ని కొలిచి గ్రాఫు గీసే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. సోఫా నడుమ ఉండగా ఒక గ్రాఫు, రెండు అడుగులు జరిపాక మరొకటి గీసి, 47 దగ్గర ఏమైందో రాసి పంపమన్నాను.