మైపాడు బీచ్‌లో పాడి బతికినవాడి అపోహలు - వాస్తవాలు

ఆరేళ్ల కింద చిన్న బ్యాటరీ ఆంప్ (శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె), గిటారు పెట్టుకుని నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో పాడటం మొదలుపెట్టా. ఇప్పుడు నా పాటలు నేనే రాసుకుని, బాణీ కట్టుకుని, నేనే రిలీజ్ చేసుకుంటున్నా. ఇంటికొచ్చే చుట్టాలైనా, మెసేజ్‌లు పెట్టే కుర్రాళ్లైనా అవే మాటలు అంటుంటారు కాబట్టి ఆ అపోహలకు నా జవాబులు ఒకసారి ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: రోడ్డు మీద పాడటమంటే అడుక్కోవడమే.
మా పెదనాన్న ఇప్పటికీ ఇదే అంటాడు. ధనుర్మాసంలో హరిదాసు వస్తే ఆయనే మనవళ్లను పిలిచి అక్షయపాత్రలో బియ్యం పోయిస్తాడు, నా గిటారు పెట్టెలో ఎవరన్నా 20 రూపాయలు వేస్తే మాత్రం వంశం పరువు పోతుంది. క్యూఆర్ కోడ్ పెట్టాక ఆయన కొంచెం మెత్తబడ్డాడు, ఎందుకో నాకూ అర్థం కాలేదు.

అపోహ: వీధిలో రాటుదేలినవాడికి స్టూడియో ఒక లెక్కా?
లెక్కే. ఆదివారం సాయంత్రం బీచ్‌లో మన ముందు నుంచి నడిచేవాడు పది సెకన్లలో దాటిపోతాడు, అందుకని ముందు మ్యూజిక్ వాయిస్తూ కూర్చుంటే కుదరదు, నేరుగా పల్లవి ఎత్తుకోవాలి. అటు అలల హోరు, ఇటు చేపల వేపుడు బండి దగ్గర కేకలు, మధ్యలో గాలి గొంతును ఎత్తుకుపోతుంటే తెలియకుండానే ప్రతి మాటా అరిచి పాడటం అలవాటైపోతుంది. మొదటిసారి స్టూడియో మైకు ముందు అట్టే పాడితే ఇంజనీర్ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, "అబ్బయ్యా, చెవిలో చెప్పు చాలు, సముద్రం లేదిక్కడ" అన్నాడు. 'ప' వచ్చిన ప్రతిచోటా మైకులో టప్‌మని గాలి కొట్టుడు. ఆ ఒక్క పాటకు పద్నాలుగు టేకులు. అయితే ఏ చరణం దగ్గర జనం జారుకుంటారో కళ్లారా చూసినవాణ్ని కదా, ఇప్పటికీ రెండో చరణం రాసేటప్పుడు ఆ వెనక్కి తిరిగిన వీపులే గుర్తొస్తాయి.

అపోహ: బహిరంగ స్థలమే కదా, ఎవరి పర్మిషన్ కావాలి?
ఉత్త గొంతు వేరు, ఆంప్ వేరు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట వాడకూడదు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో బ్రిటిష్ స్టార్ సింగర్ ఎడ్ షీరన్ పాడుతుంటేనే పోలీసు వచ్చి వైరు పీకేశాడు. అనుమతి ఉందని ఆయన, లేదని వాళ్లు. మనమెంత?

అపోహ: ఒక్క వీడియో వైరలైతే లైఫ్ సెట్.
నాది ఒకటి లక్షల్లో వెళ్లింది, పైసా రాలేదు. ఎందుకంటే అందులో పాడింది సినిమా పాట, ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోయింది. సొంత పాటకైనా పాటలు వినే యాప్ స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి కనీసం 1,000 స్ట్రీమ్స్ దాటితేనే రాయల్టీ. యూట్యూబ్‌లో ప్రకటనల వాటాకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్) కావాలి. నా ఇల్లు గడుస్తున్నది పెళ్లి సంగీత్‌లతో, కాలేజీ ఫంక్షన్లతో, పిల్లలకు చెప్పే గిటారు క్లాసులతో.

అపోహ: పాట మనదే కదా, కాగితాలెందుకు?
రాసిన క్షణం నుంచే కాపీరైట్ మనది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పోయేది సంతకంతోనే. నా మొదటి పాటను 12,000 రూపాయలకు ఒక ఆడియో కంపెనీకి ఇచ్చా, నాలుగు పేజీల అగ్రిమెంటు చదవకుండా. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో కంపెనీతో సమానంగా వాటా ఉంటుందని, దాన్ని కంపెనీకి రాసిచ్చినా చెల్లదని చాలా ఆలస్యంగా తెలిసింది. తర్వాత రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో చేరి పాటలన్నీ ఎక్కించా. ఆ మొదటి పాట రికార్డింగ్ మాత్రం ఇంకా ఆ ఆడియో కంపెనీదే. మొన్న బీచ్‌లో తీసిన వీడియోకు వెనకాల ఆ పాట ముక్క పెడితే, నా గొంతు మీద నాకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది.