బండి గుద్దలేదు, బొండాం కొట్టింది: వాహనాల్లోంచి చెత్త విసరడంపై అపోహలు – వాస్తవాలు

"సార్, మమ్మల్ని బండి గుద్దలేదు. బొండాం కొట్టింది. దీనికి కేసు ఉంటుందా?"

కావలిలో నా ఆఫీసుకు వచ్చిన ఒకావిడ కూర్చోకముందే అడిగిన మాట ఇది. ఉదయగిరి రోడ్డులో భార్యాభర్తలిద్దరూ బైక్ మీద వస్తున్నారు. ఎదురుగా వచ్చిన కారులోంచి ఎవరో నీళ్లు తాగేసిన కొబ్బరి బొండాన్ని బయటికి విసిరారు. అది ఆయన కంటి కింద తగిలి ఎముక విరిగింది. ఇద్దరూ రోడ్డు మీద పడ్డారు. కారు ఆగలేదు. "పడింది చెత్తే కదా, ఎవరు పట్టించుకుంటారని స్టేషన్‌కు కూడా పోలేదు సార్. మూడు వారాలైంది" అని ఆమె చెప్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది. పక్కన ఆయన కంటికి కట్టుతో, మాట లేకుండా కూర్చుని ఉన్నారు.

మోటారు ప్రమాదాల కేసులే నా ప్రాక్టీసు. ఆ రోజు నుంచి ఈ విషయం మీద ఎవరేం మాట్లాడినా చెవి అటే పోతోంది. నేను తరచూ వినే మాటలు, వాటికి నా సమాధానాలు కింద రాస్తున్నాను.

అపోహ: ఖాళీ సీసా, బొండాం... అంత చిన్న వస్తువుతో ఏమవుతుంది?

80 కిలోమీటర్ల వేగంతో పోయే కారులోంచి ఒక వస్తువును ఊరికే వదిలేసినా, వదిలిన క్షణంలో దానికీ అదే వేగం ఉంటుంది. అంటే సెకనుకు 22 మీటర్లు. ఎదురుగా 50లో బైక్ వస్తుంటే రెండూ కలిసి 130. ఆ వేగంతో బొండాం మొహానికి తగిలితే ఏమవుతుందో ఆ దంపతులను చూశాక నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 16వ నంబరు జాతీయ రహదారికి డివైడర్ ఉంది కాబట్టి అక్కడ కొంత నయం. పొదిలి, కనిగిరి వైపు రోడ్లలో ఎదురెదురు బండ్లు ఒకదాన్నొకటి రాసుకున్నట్టే పోతాయి.

అపోహ: దీనికి చట్టమే లేదు.

మోటారు వాహనాల చట్టంలో 'కారులోంచి చెత్త వేయడం' అనే పేరుతో సెక్షన్ వెతికితే దొరకదు. అందుకే చాలామంది, కొందరు జూనియర్ లాయర్లతో సహా, ఇక చట్టం లేదనే అనుకుంటారు. చూడాల్సింది పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో. ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే 125వ సెక్షన్ వర్తిస్తుంది. ఎవరికీ దెబ్బ తగలకపోయినా మూడు నెలల వరకు జైలు లేదా 2,500 రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. గాయమైతే ఆరు నెలలు లేదా 5,000. ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే మూడేళ్లు లేదా 10,000. ఏ దశలోనైనా జైలు, జరిమానా రెండూ వేసే అధికారం కోర్టుకు ఉంది. ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. ఇవి ఊరి మధ్యలోనూ, పొలాల మధ్య హైవే మీదా ఒకేలా వర్తిస్తాయి.

నెల్లూరు, ఒంగోలు లాంటి పట్టణాల్లో దీనికి తోడు మున్సిపల్ జరిమానాలు ఉంటాయి. వీధుల్లో, కాలవల్లో, నీటి వనరుల్లో చెత్త వేయకూడదని కేంద్రం 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పింది. పెన్నా వంతెన మీద బస్సు కిటికీలోంచి పూజ పూలను ప్లాస్టిక్ కవర్‌తో సహా నదిలోకి విసిరేవాళ్లను చూస్తుంటాను. దేవుడి పూలు కాళ్ల కింద పడకూడదన్న వాళ్ల ఆలోచన నాకు అర్థమవుతుంది. కానీ ఆ కవర్ సగం సార్లు నది దాకా పోదు. వెనక వచ్చే స్కూటర్ మనిషి మొహం మీద పడుతుంది. ఆ పూలను ఇంట్లోనే చెట్టు మొదట్లో వేసుకోవచ్చు.

అపోహ: మేం విసరలేదు, అదే పడిపోయింది. కాబట్టి మా తప్పు లేదు.

నేను ఎక్కువగా వినేది ఇదే. చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీలు, రొయ్యల ఐసు కరిగి నీళ్లు కారుతూ పోయే లారీలు, కోతల తర్వాత రోడ్డంతా ఆక్రమించి పోయే వరిగడ్డి ట్రాక్టర్లు... మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఇవన్నీ రోజూ కనిపించేవే. కంకర టైరు కింద పడి ఎగిరితే వెనక బండి అద్దం పగులుతుంది. రొయ్యల నీళ్లు పడ్డ చోట మలుపు తిరిగితే బైక్ జారుతుంది.

న్యాయ సంహిత 285వ సెక్షన్‌ను నా దగ్గరకు వచ్చే లారీ ఓనర్లకు నేను ఒక్కో మాటే విడదీసి చెప్తాను. ఏదైనా చేసి ప్రమాదం తెస్తేనే కాదు, తన ఆధీనంలో ఉన్న సరుకు విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోక దారిన పోయేవాళ్లకు ప్రమాదమో ఆటంకమో కలిగించినా అది నేరమే. 5,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. పట్టా కప్పకపోవడం, తాడు సరిగా బిగించకపోవడం ఈ సెక్షన్ కిందికి వచ్చేవే. దాని వల్ల ఎవరైనా పడి దెబ్బ తగిలించుకుంటే, నష్టపరిహారం కోసం వాళ్లు ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్‌లో (ఎంవీఓపీ) ఆ లారీ ఓనరూ, బీమా కంపెనీ ప్రతివాదులవుతారు. లారీ గుద్దితేనే కేసు అనుకోకండి. మోటారు వాహనాల చట్టంలో ఉన్న మాట 'వాహన వినియోగం వల్ల జరిగిన ప్రమాదం'. ఆ మాటకు కోర్టులు విశాలమైన అర్థమే ఇస్తూ వచ్చాయి.

అపోహ: అరటి తొక్క మట్టిలో కలిసిపోతుంది, లేదంటే గొడ్లు తింటాయి.

గొడ్లు తింటాయి, నిజమే. తినడానికి రోడ్డు అంచుకే వస్తాయి, రాత్రిపూట కూడా. నల్ల బర్రె చీకట్లో హెడ్‌లైట్‌కు ఆనదు. అలాంటి ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి.

అపోహ: సిగరెట్ ముక్క బయట పడేస్తే ఆరిపోతుంది.

గాలికి అది మరింత రాజుకుంటుంది. రోహిణీ కార్తెలో రోడ్డు పక్కన ఎండుగడ్డి ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. వెనకే వరిగడ్డి లారీ వస్తుంటే చెప్పే పనే లేదు. నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి న్యాయ సంహితలోనే 287వ సెక్షన్ వేరుగా ఉంది. ఆరు నెలల వరకు జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ నిప్పురవ్వ వెనక బైక్ మనిషి కంట్లో పడితే పైన చెప్పిన 125 కూడా వస్తుంది.

అపోహ: అడవిలో ఎవరు చూస్తారు?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు రోడ్డుకు రెండు వైపులా ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ చెత్త వేయకూడదని వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్‌లో నేరుగా రాసి ఉంది. 2022 సవరణ తర్వాత శిక్ష మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పిల్లలు సరదా పడుతున్నారని కోతుల ముందు చిప్స్ ప్యాకెట్లు విసిరే తల్లిదండ్రులు దయచేసి ఇది గుర్తుపెట్టుకోవాలి.

రైలుకూ నియమాలున్నాయి. 2012 నియమాల ప్రకారం రైల్లో గానీ రైల్వే ఆవరణలో గానీ చెత్త వేస్తే 500 రూపాయల వరకు జరిమానా. గూడూరు–ఒంగోలు మధ్య పట్టాల మీద పని చేసే ట్రాక్‌మన్‌కు కిటికీలోంచి వచ్చిన సీసా తగిలే ప్రమాదం ఉంటే, రైల్వే చట్టం 154వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు ఉంటుంది.

అపోహ: కారు ఎవరిదైతే వాళ్ల మీదే కేసు.

ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి దాదాపు ఇలాగే ఉంది. ఎవరు విసిరారో తేలకపోయినా, వాహనం ఎవరి పేరున ఉందో వాళ్లకు స్థానిక కౌన్సిల్ జరిమానా పంపొచ్చు. మన దగ్గర క్రిమినల్ కేసు విసిరిన మనిషి మీదే. కాబట్టి ఆ మనిషి ఎవరో రుజువు కావాలి. మన కేసులు చాలావరకు నిలబడనిది ఇక్కడే. మన దగ్గర కూడా ఇంగ్లండ్ పద్ధతి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అపోహ: నంబరు చూడలేదు, ఇక చేసేదేం లేదు.

ఆ దంపతులు అలా అనుకునే మూడు వారాలు పోగొట్టుకున్నారు. వాహనం ఏదో తేలని ప్రమాదాలకు మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ ఉంది. తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షల రూపాయలు. రెవెన్యూ అధికారులే విచారణ చేస్తారు. దానికి ముందు పోలీసు రికార్డు ఉండాలి. అందుకే వెంటనే 112కు ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా. ఏ స్టేషన్ పరిధో తెలియకపోయినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఆసుపత్రిలో "బండి మీద నుంచి పడ్డాం" అని మాత్రం రాయించకండి. ఏం తగిలి పడ్డారో చెప్పి రాయించండి.

డాష్‌క్యామ్‌లో గానీ, పక్క దాబా సీసీ కెమెరాలో గానీ దృశ్యం ఉంటే వాట్సాప్‌లో తెప్పించుకుని ఊరుకోవద్దు. అలా పంపిన కాపీలో నాణ్యత తగ్గి నంబరు ప్లేటు చదవలేం. అసలు ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. మొదట రికార్డయిన ఫోన్‌లోంచి, కెమెరాలోంచి చెరపనివ్వకండి. కోర్టు సాక్ష్యాలకు సంబంధించిన చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం దానికి ధ్రువీకరణ పత్రం జతచేయాలి. అందులో ఒక భాగం వీడియో ఇచ్చినవాళ్లు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. దాబా సీసీ కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డయిపోతుంటాయి కాబట్టి, వీలైతే ఆ రోజే వెళ్లి అడగండి.