కృష్ణలో లంగరేసి రాత్రి ఉండాలనుకునే కుటుంబాలకు: అపోహలు – వాస్తవాలు

ప్రకాశం బ్యారేజీ ఎగువన, భవానీ ద్వీపం చుట్టుపక్కల నీళ్లు మామూలు రోజుల్లో చెరువులా కనిపిస్తాయి. క్యాబిన్ ఉన్న చిన్న తెరచాప పడవలో పిల్లాపాపలతో ఒక రాత్రి గడుపుదామనిపించడం సహజమే. అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి, వరద రోజుల్లో ఆ ఊసే వద్దు. మిగతా విషయాల్లో మాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: లంగరు ఎంత బరువుంటే అంత పట్టు.

వాస్తవం: పట్టు లాగే కోణంలో ఉంటుంది. ఇసుకకీ ఒండ్రుకీ సరిపోయే డాన్‌ఫోర్త్ రకం (రెండు పలచటి రెక్కలుండే) లంగరు రెక్కలు దిగబడాలంటే గొలుసు నేలబారుగా లాగాలి. పైకి లాగితే రెక్క ఊడివస్తుంది. అందుకే వదిలే గొలుసు, తాడు పొడవు ముఖ్యం. నీటి లోతు 4 మీటర్లు, అణియం (పడవ ముందు కొస) నీటిపైకి 1 మీటరు అనుకుంటే మొత్తం 5. గొలుసూ తాడూ కలిపి వాడితే దానికి ఏడింతలు, అంటే 35 మీటర్లు వదలాలి. మొత్తం గొలుసే అయితే ఐదింతలు చాలు. చాలామంది అణియం ఎత్తును లెక్కలోకి తీసుకోరు. 2 మీటర్ల లోతులో ఆ ఒక్క మీటరు వదిలేస్తే, వెయ్యాల్సిన దాంట్లో మూడో వంతు తగ్గిపోయినట్టే.

ఏడెనిమిది మీటర్ల పడవకు 10 కిలోల లంగరు, దాని వెనక 8 మి.మీ. గొలుసు 10 మీటర్లు (మీటరుకు సుమారు 1.4 కిలోలు), ఆపైన నైలాన్ మోకు పెట్టుకోవచ్చు. నైలాన్ సాగి కుదుపును మింగుతుంది. అంగట్లో చవగ్గా దొరికే నీలం ప్లాస్టిక్ తాడు లంగరుకు పనికిరాదు. అది నీటిపై తేలి పక్క పడవ ఫ్యానుకు చుట్టుకుంటుంది, ఎండకు పొట్టుపొట్టుగా రాలిపోతుంది. లంగరును గొలుసుకు కలిపే కొక్కెం, అంటే షాకిల్, పిన్నును సన్నటి తీగతో బిగించి కట్టకపోతే ఊగుడుకి అదే విప్పుకుంటుంది.

అపోహ: లంగరు దూరంగా విసిరేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: విసిరితే గొలుసు లంగరు మీదే కుప్పపడి రెక్కలకు చుట్టుకుంటుంది. గాలి, ప్రవాహాల్లో ఏది బలంగా ఉంటే దానికి అణియం ఎదురు పెట్టి, పడవ పూర్తిగా ఆగాక చేత్తో దించాలి. అడుగు తగలగానే తాడు సడలుతుంది. అక్కణ్ణుంచి పడవను వెనక్కి జారనిస్తూ కొంచెం కొంచెంగా వదలాలి. అంతా వదిలి కట్టాక ఇంజను రివర్సులో మెల్లగా పెంచి అర నిమిషం పట్టి ఉంచండి. ఆ సమయంలో అరచెయ్యి అణియం దగ్గర మోకు (మొత్తం గొలుసైతే గొలుసు) మీద ఆనించండి. లంగరు పట్టితే అది బిగిసి కదలకుండా ఉంటుంది. జారుతుంటే అడుగున గీసుకుంటున్న గరగర చేతికి తెలుస్తుంది. అప్పుడు మళ్లీ ఎత్తి, కడిగి, మొదటినుంచీ వెయ్యడమే. బద్ధకించి ఇంకో పది మీటర్లు వదిలేసి పడుకునేవాళ్లు రాత్రి రెండింటికి లేవాల్సి వస్తుంది.

పట్టిందని నమ్మకం కలిగాక పడవకు పక్కగా ఒడ్డున రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా చూసుకోండి: ముందు ఘాటు దీపం, వెనక కొండ మీద దీపం. చెట్లు పనికిరావు, చీకట్లో కనిపించవు. ఆ రెండూ విడిపోయి, మళ్లీ కలవకుండా దూరమైపోతుంటే పడవ జారుతోందని అర్థం.

అపోహ: బ్యారేజీ వెనక నిలవ నీరే కదా, భయమేంటి?

వాస్తవం: గేట్లు ఎత్తితే అదే నీరు నడక మొదలెడుతుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే లంగరు మీద లాగుడు నాలుగింతలు. గాలికీ ఇదే లెక్క. ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలి పది నిమిషాల్లో పడవను లంగరు చుట్టూ అటునుంచి ఇటు తిప్పేస్తుంది. కాబట్టి వదిలిన మోకు పొడవుకు పడవ పొడవు కలిపి, అంత దూరం వరకూ చుట్టూ ఖాళీ ఉండాలి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి బరువైన పడవలే కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను (గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను) గుద్దాయి. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. అది చిన్న పడవల కోసం పెట్టిన లెక్క కాదు. మీరు ఒడ్డెక్కాల్సింది అంతకు చాలా ముందే.

ఇంకో శత్రువు గుర్రపుడెక్క. తెప్పలా కదిలొచ్చి మోకుకు అడ్డం పడితే దాని బరువంతా లంగరు మీదే. ఇంజను చల్లబడే నీటి రంధ్రాన్నీ మూసేస్తుంది. ఒక గెడ, పదునైన కత్తి అణియం దగ్గరే ఉండాలి.

అపోహ: అమరం (పడవ వెనక కొస) వైపు నుంచి లంగరేసినా ఒకటే.

వాస్తవం: వద్దు. అమరం ఎత్తు తక్కువ, ఇంజను బరువూ అక్కడే. ప్రవాహం తోస్తే నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి.

అపోహ: ఉక్కగా ఉంటే తలుపులేసుకుని జనరేటరు పెట్టుకోవచ్చు.

వాస్తవం: కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పడవ ఆగి ఉంటే పొగ అమరం దగ్గరే తిరుగాడి క్యాబిన్లోకి దూరుతుంది. నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. దోమతెర, బ్యాటరీ ఫ్యాను చాలు. వంట గ్యాసు గాలికంటే బరువు కాబట్టి లీకైతే పడవ అడుగున చేరి, పంపు స్విచ్చి నిప్పురవ్వకే అంటుకుంటుంది. వంట కాగానే గ్యాసును సిలిండరు దగ్గరే ఆపెయ్యాలి.

అపోహ: ఈతొచ్చిన పిల్లలకు జాకెట్ ఎందుకు?

వాస్తవం: చీకట్లో పడితే కేక వినపడకపోవచ్చు. సెకనుకు ఒక మీటరు ప్రవాహమున్నా పది సెకన్లలో పది మీటర్లు దాటిపోతారు. జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగి చూడండి. అది చెవులదాకా లేచిందంటే పిల్లవాడికి వదులు. కాళ్ల మధ్య పట్టీ తప్పనిసరి. అమరం వెనక 25 మీటర్ల తాడు, చివర తేలే డబ్బా కట్టి వదలండి. లంగరుకు పనికిరాదన్న ఆ నీలం తాడు ఇక్కడ పనికొస్తుంది. ఇంజను తిప్పేముందు మాత్రం లోపలికి లాగెయ్యాలి.

అపోహ: క్యాబిన్లో లైటుంది, చాలు.

వాస్తవం: చుట్టూ కనిపించే తెల్లదీపం ఎత్తున పెట్టాలి. 12 వోల్టుల 3 వాట్ల ఎల్‌ఈడీ రాత్రంతా వెలిగినా 3 ఆంపియర్ అవర్లే తింటుంది. తెల్లవారుజామున వలలకు బయల్దేరే పడవలకు మీరు కనిపించాలి.

పొద్దున లంగరు పైకి రాకపోతే ఇంజనుతో అడ్డదిడ్డంగా లాగకండి. పాత వలల్లోనో రాళ్లలోనో ఇరుక్కుని ఉంటుంది. ముందురోజే లంగరు తలకు (రెక్కలు కలిసే చోట) సన్నటి తాడు కట్టి, డబ్బాతో తేల్చి ఉంచితే, దాన్ని నిట్టనిలువుగా లాగితే రెక్క వెనక్కి ఊడి వచ్చేస్తుంది.