నిండు బండలున్నా వెలగని పొయ్యి

ఒక పాఠకురాలు తన అత్తగారి రక్తపరీక్ష రిపోర్టు ఫొటో తీసి పంపారు. హిమోగ్లోబిన్ ఏడున్నర. ఎర్రకణాల సైజు ఉండాల్సిన దానికంటే చాలా పెద్దది. బి12 అడుగంటింది. ఫోలేట్ (ఆకుకూరల్లో ఉండే బి9 విటమిన్) మాత్రం పుష్కలంగా ఉంది. "మా ఇంట్లో రోజూ ఏదో ఒక ఆకుకూర ఉండాల్సిందే. ఫోలేట్ బాగానే ఉందని రిపోర్టే చెబుతోంది. డాక్టరుగారేమో 'ఫోలేట్ ఉంది కానీ కణాలకు అందట్లేదమ్మా' అన్నారు. ఉన్నది అందకపోవడమేంటండీ?" అని ప్రశ్న.

నాకు పండగ లాంటి ప్రశ్న ఇది. జీవరసాయన శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉచ్చు ఒకటి ఆ రిపోర్టులో దాక్కుని ఉంది.

బి1 లేకపోతే బెరిబెరి, బి3 లేకపోతే పెల్లాగ్రా అంటూ బడిలో బట్టీ పట్టించిన పట్టిక జోలికి నేను పోను. ఆ పట్టిక చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లలో, అసలు కణం లోపల ఈ విటమిన్ ఏం చేస్తుందో అడిగినవాళ్లు ఎందరు? అడగరు కాబట్టే 'బలం ఇంజెక్షన్' అనే మాట ఊళ్లలో ఇంకా నడుస్తోంది. బి విటమిన్‌లో బలమేమీ లేదు. బలం అన్నంలో, పప్పులో, నూనెలో ఉంది. కణానికి విటమిన్ అంటే సామాను మోసే పాత్ర, లేదా బిగించే పానా. అందుకే మిల్లీగ్రాముల్లో, కొన్నయితే మైక్రోగ్రాముల్లోనే సరిపోతాయి. కణం వాడిందే మళ్లీ మళ్లీ వాడుకుంటుంది.

ఫోలేట్ సంగతి అర్థం కావాలంటే మీ వంటింట్లో గ్యాస్ బండను చూడండి. బండ మండదు. మండేది లోపలి గ్యాస్. ఖాళీ బండ ఇస్తేనే నిండు బండ వస్తుంది. ఊళ్లో గ్యాస్‌కు కొరత లేకపోయినా, తిరిగే బండలు ఆగిపోతే పొయ్యిలు ఆగిపోతాయి.

కణంలో ఆ బండ పేరు టెట్రాహైడ్రోఫోలేట్. అది మోసే సరుకు ఒకే ఒక్క కార్బన్ పరమాణువు. నింపే చోట గ్యాస్ ఇచ్చేది సెరీన్ అనే అమైనో ఆమ్లం. సెరీన్ నుంచి కార్బన్‌ను ఊడదీసి ఖాళీ బండలోకి ఎక్కించే ఎంజైముకు బి6 కావాలి. అలా నిండిన బండను మిథిలీన్ బండ అందాం. ఇది మంచి బండ, చాలా పొయ్యిలకు సరిపోతుంది. వాటిలో ముఖ్యమైనది డిఎన్ఏ పొయ్యి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. డిఎన్ఏలో ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలుంటాయి. ఆర్ఎన్ఏలో టి బదులు యు ఉంటుంది. ఈ యు కి, టి కి మధ్య తేడా ఎంతో తెలుసా? ఒకే ఒక్క కార్బన్, దాన్ని అంటిపెట్టుకున్న హైడ్రోజన్లు. కణం యు ని తయారు చేసుకుని, ఫోలేట్ బండ తెచ్చిన కార్బన్‌ను దానికి తగిలించి టి గా మారుస్తుంది. కణం విడిపోయే ముందు డిఎన్ఏ మొత్తానికి నకలు తీయాలంటే లెక్కలేనన్ని టి లు కావాలి. మన ఎముక మూలుగలో సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్రకణాలు పుడుతున్నాయి. బండలు ఎంత వేగంగా తిరగాలో మీరే ఊహించుకోండి.

టి అందకపోతే కణం వెంటనే చావదు. ఆర్ఎన్ఏకు టి అక్కర్లేదు కాబట్టి ప్రొటీన్లు తయారవుతూనే ఉంటాయి, కణం లావెక్కుతూనే ఉంటుంది. లోపల కేంద్రకం మాత్రం పసితనంలోనే ఆగిపోతుంది. టి దొరక్క కొన్నిచోట్ల యు నే పెట్టి డిఎన్ఏ అల్లుతుంది. తప్పులు దిద్దే ఎంజైములు వచ్చి ఆ యు ని కత్తిరిస్తాయి. దాని స్థానంలో పెట్టడానికి టి లేదు. మళ్లీ యు, మళ్లీ కత్తెర. దారం తెగుతుంది. అలాంటి కణాలు చాలావరకు మూలుగలోనే చచ్చిపోతాయి. బయటపడ్డ కొద్ది కణాలే ఆ రిపోర్టులో కనిపించిన భారీ ఎర్రకణాలు.

ఇక ఉచ్చు దగ్గరికి వద్దాం. మిథిలీన్ బండకు ఇంకో దారి కూడా ఉంది. ఎమ్‌టిహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైము దాన్ని మిథైల్ బండగా మారుస్తుంది. ఈ పనికి బి2 నుంచి వచ్చే ఫ్లావిన్ ఒకటి, బి3 నుంచి వచ్చే ఎన్ఏడిపిహెచ్ ఒకటి కావాలి. (బి2, బి3, బి6, ఫోలేట్ అంటే బి9, ఇప్పుడు రాబోయే బి12. ఒకే ఒక్క చక్రంలో ఐదు బి లు! పట్టికలో విడివిడి గళ్లలో కూర్చోబెట్టిన వీళ్లంతా కణంలో ఒకే ఇంటి మనుషులు.) చిక్కేమిటంటే కణంలో ఈ మార్పు ఒకే దిక్కుకు నడుస్తుంది. మిథిలీన్ మిథైల్ అవుతుంది, మిథైల్ తిరిగి మిథిలీన్ కాదు. సీలు పడిపోతుంది.

ఆ సీలు పడిన మిథైల్ బండ మన శరీరంలో ఒకే ఒక్క పొయ్యికి సరిపోతుంది. హోమోసిస్టీన్ అనే పదార్థానికి ఆ కార్బన్‌ను ఇచ్చి మిథియోనిన్‌గా మార్చే పొయ్యి అది. దాని రెగ్యులేటర్ బి12. బి12 నడిబొడ్డున ఒక కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. బండ నుంచి మిథైల్‌ను (అంటే ఆ కార్బన్, దాని హైడ్రోజన్లు) అందుకునేది, హోమోసిస్టీన్ చేతిలో పెట్టేది ఆ కోబాల్టే. పని అయ్యాక ఖాళీ బండ బయటికొచ్చి మళ్లీ నింపుకోవడానికి పోతుంది.

ఇప్పుడు రెగ్యులేటర్ తీసేయండి. నిండు బండలు వరండాలో పేరుకుపోతాయి. వాడలేం. ఖాళీ చేయలేం. వెనక్కి తిప్పలేం. ఖాళీ బండ ఇవ్వందే కొత్త గ్యాస్ రాదు. డిఎన్ఏ పొయ్యికి బి12తో ఏ సంబంధమూ లేదు, అయినా అది ఆరిపోతుంది. దీన్నే మిథైల్ ఉచ్చు అంటారు. 1962లో ఈ ఆలోచనను ఇద్దరేసి పరిశోధకులున్న రెండు బృందాలు విడివిడిగా ప్రతిపాదించాయి. దీనికి బలమైన సాక్ష్యం ఇంకో గ్యాస్ నుంచి వచ్చింది. నైట్రస్ ఆక్సైడ్, అంటే మత్తుకు వాడే లాఫింగ్ గ్యాస్, కోబాల్ట్‌ను ఆక్సీకరణం చేసి రెగ్యులేటర్‌ను పాడుచేస్తుంది. రోజుల తరబడి అది పీల్చిన ధనుర్వాతం రోగుల మూలుగ దెబ్బతిన్నట్టు డెన్మార్క్ వైద్యులు 1956లోనే చూశారు. తిండిలో ఏ లోపమూ లేకుండానే!

అంతా బాగుంది, మరి రక్తంలో ఫోలేట్ ఎక్కువెందుకు కనబడింది? ఆకుకూరలోని ఫోలేట్‌కు గ్లుటమేట్ ముక్కలతో కట్టిన పొడుగాటి తోక ఉంటుంది. పేగు దాన్ని ఒక్క ముక్క మిగిలేదాకా కత్తిరించి లోపలికి తీసుకుంటుంది. రక్తంలోకి చేరేసరికి అది చాలావరకు మిథైల్ బండ రూపంలోనే ఉంటుంది. అంటే ఆకుకూర నుంచి వచ్చే కొత్త బండలు కూడా సీలుతోనే వస్తాయి. కణంలోకి వెళ్లాక అవి బయటికి జారిపోకుండా కణం మళ్లీ గ్లుటమేట్ ముక్కలతో గొలుసు వేసి కట్టేస్తుంది. కానీ ఆ గొలుసు వేసే ఎంజైముకు మిథైల్ బండ అంటే పడదు. ముందు సీలు విప్పి ఖాళీ చేస్తేనే కడుతుంది. బి12 లేక సీలు విప్పలేదు, విప్పలేదు కాబట్టి గొలుసు పడలేదు, గొలుసు లేదు కాబట్టి వచ్చిన బండ వచ్చినట్టే వీధిలోకి పోతుంది. ల్యాబ్‌వాళ్లు సూది గుచ్చి తీసేది వీధిలోని రక్తం. వీధి నిండా బండలు, ఇంట్లో పొయ్యి చల్లగా. మీ డాక్టరుగారు చెప్పింది అక్షరాలా నిజం.

ఇంత తెలివైన కణం ఈ సీలు ఎందుకు పెట్టుకుంది? మిథియోనిన్ తగ్గిందంటే కణం 'తిండి కరువొచ్చింది' అనుకుంటుంది. నరాల పూతకు, ఇంకా వంద పనులకు మిథైల్ కావాలి, దాన్ని పంచేది మిథియోనినే. కరువులో పిల్లల్ని కనడం వాయిదా వేసి ఉన్నవాళ్లను బతికించుకున్నట్టు, కణాన్ని విభజించే పని పక్కన పెట్టి కార్బన్‌ను మిథైల్ వైపు మళ్లిస్తుంది. మామూలు కరువులో ఇది సరైన నిర్ణయం. బి12 కరువులో మాత్రం, మిథియోనిన్ రావట్లేదని ఇంకా ఇంకా బండలకు సీళ్లు వేస్తూ పోతుంది.

ఫోలిక్ యాసిడ్ మాత్ర కథ వేరు. అది ప్రకృతిలో దొరికే రూపం కాదు, సీలు లేని కొత్త బండ. ఎక్కువ మోతాదులో ఇస్తే బి12 లేకపోయినా డిఎన్ఏ పొయ్యి కొన్నాళ్లు వెలుగుతుంది, హిమోగ్లోబిన్ లేస్తుంది. అందరూ సంతోషిస్తారు. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి, ఎందుకంటే రెగ్యులేటర్ ఇంకా లేదు. కాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఒట్టి ఫోలిక్ యాసిడ్ మింగకూడదని చెప్పేది ఇందుకే.

ఆ మాత్ర వెనక మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది పేగుకు పట్టకుండా పోయే స్ప్రూ జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని తీసుకుపోయింది. తనకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బయటపడ్డారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందైంది. తర్వాత అదే బృందం బండలాగే ఉండే నకిలీ బండను చేసింది, అమినోప్టెరిన్. టి తయారీలో కార్బన్‌తో పాటు బండలోని హైడ్రోజన్ కూడా ఖర్చవుతుంది, అంటే బండ కొంచెం చితుకుతుంది. దాన్ని సాపు చేసే మరమ్మతు షెడ్డు ఎంజైము ఒకటుంది. నకిలీ బండ వెళ్లి ఆ షెడ్డులో ఇరుక్కుంటుంది, దాంతో టి తయారీ ఆగి, వేగంగా విడిపోయే కణాలు ఆగిపోతాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ మందు ఇచ్చిన 16 మంది లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కు మందులతో చికిత్స అనే ఆలోచనకు ప్రాణం పోసిన ఘట్టాల్లో ఇదొకటి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయారు. ఆ నకిలీ బండకు తమ్ముడైన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికోసారి ఇప్పటికీ మింగుతున్నాం.

బి12 విషయంలో ఒక మాట. మందుల షాపులో 'మిథైల్‌కోబాలమిన్ అయితే నేరుగా పనిచేస్తుంది' అని చెప్పి అమ్ముతారు. కణంలోకి వెళ్లగానే ఒక ప్రొటీన్ దాని మీదున్న మిథైల్‌ను ఊడదీస్తుంది. సయనోకోబాలమిన్ అయితే సయనైడ్‌ను ఊడదీస్తుంది. ఏ వేషంలో వచ్చినా గుమ్మం దగ్గర చొక్కా విప్పించి, లోపల కణం తన సొంత చొక్కా తొడుగుతుంది. ఇంజెక్షన్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందనే నమ్మకం ఇంకొకటి. ఆ ఎరుపు కోబాల్ట్ చుట్టూ అల్లుకున్న వలయానిది. రక్తానికి ఆ రంగుతో సంబంధం లేదు.

మొక్కలు బి12 చేసుకోలేవు, ఆ విద్య కొన్ని సూక్ష్మజీవులదే. కాబట్టి గోంగూర ఎంత తిన్నా రెగ్యులేటర్ రాదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు, లేదా మందు. మీ అత్తగారు ఏళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి, బి12 పేగుకు పట్టడాన్ని అది తగ్గిస్తుంది.

ఇంజెక్షన్లు మొదలయ్యాక ఒకటి రెండు రోజుల్లోనే మూలుగ తేరుకోవడం మొదలుపెడుతుంది, వారానికల్లా లేత ఎర్రకణాలు గుంపుగా బయటికొస్తాయి. నరాలకు నెలలు పడుతుంది. కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయిస్తే ఫోలేట్ అంకె ఈసారి తగ్గి కనబడొచ్చు. టెన్షన్ పడి ఫోన్ చేయకండి. వీధిలో ఉన్న బండలు ఇళ్లలోకి వెళ్లాయి, అంతే.