గాలి దించకుండా టైరు కోసి కుట్టడం

చిన్నీ, బంటీ,

ఎముకల్లేని బ్యాక్టీరియాకు ఆకారం ఎలా నిలుస్తుందని మొన్న ఫోన్‌లో అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

నా పాత సైకిలు గుర్తుందిగా? టైరు చిరిగిన చోట ట్యూబు బుడగలా బయటికొచ్చి ఢామ్మనేది. బ్యాక్టీరియా కూడా అలాంటిదే. పల్చటి కొవ్వు పొర దాని ట్యూబు. లోపలి రసం చిక్కన కాబట్టి, బయటి నీళ్లు చొరబడి ఆ పొరను నెడుతూనే ఉంటాయి. దాన్ని పట్టి ఉంచే టైరు పేరు పెప్టిడోగ్లైకాన్. చక్కెర గొలుసులను అమైనో ఆమ్లాలతో ముడేసిన వల అది.

ఆకారం టైరుదేనని 1953లో క్లాస్ వైబుల్ అనే శాస్త్రవేత్త చూపించారు. కడ్డీలాంటి బ్యాక్టీరియాను చక్కెర నీళ్లలో ఉంచి, లైసోజైమ్ అనే ఎంజైముతో ఆ టైరును, అంటే గోడను, కరిగిస్తే కడ్డీలు గుండ్రటి బంతులైపోయాయి. ఉత్త నీళ్లయితే పగిలిపోయేవే. లైసోజైమ్ మన కన్నీళ్లలో, చీమిడిలో కూడా ఉంది. (బంటీ, చొక్కాకు తుడుచుకోవడానికి ఇది సాకు కాదు!)

నాకు అసలు వింతగా అనిపించేది దాని పెరుగుదల. మంచి తిండి దొరికితే మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాల్లో రెండవుతుంది. అంటే గాలి దించకుండా, సైకిలు తొక్కుతూనే, టైరు కోసి కొత్త ముక్క కుట్టాలన్నమాట! కొన్ని ఎంజైములు కోస్తుంటే ఇంకొన్ని కుడుతుంటాయి. ఎక్కడ కుట్టాలో చూసుకునేది ఎంఆర్ఈబీ అనే ప్రొటీన్. అది కుట్టేవాళ్లతో కలిసి కడ్డీ చుట్టూ తిరుగుతుందని 2011లో మైక్రోస్కోపులో కనిపెట్టారు. పీపా చుట్టూ పట్టీలు బిగించినట్టు అడ్డంగా కుడుతుంటే కడ్డీ లావెక్కకుండా పొడుగు సాగుతుంది. గుండ్రటి బ్యాక్టీరియాల్లో చాలావాటికి ఈ ప్రొటీనే లేదు.

ట్యూబుకీ మరమ్మతు ఉంటుంది. చలికాలం నెయ్యి పేరుకుంటుంది, వేరుశనగ నూనె పేరుకోదు కదా. చలి పెరిగితే బ్యాక్టీరియా తన పొరలో నూనెలాంటి కొవ్వులు ఎక్కువ చేసుకుని, అది బిగుసుకుపోకుండా చూసుకుంటుంది.

1928లో ఫ్లెమింగ్ గుర్తించిన పెన్సిలిన్ చేసే పనల్లా కుట్టేవాళ్ల చేతులు కట్టెయ్యడం. కోసేవాళ్లు మాత్రం కోస్తూనే ఉంటారు. చివరికి ట్యూబు బయటికి ఉబ్బి పగులుతుంది. మన కణాలకు ఆ టైరే లేదు కాబట్టి అవి అలా పగలవు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకూ లేదు. అందుకే దాని మీద పెన్సిలిన్ పనిచేయదు. అసలు కుట్టేవాళ్లే లేనిచోట ఎవరి చేతులు కడుతుంది?

మీ తాతయ్య